లాలాశ్మరియు లాలాగ్రంథ్యభావమును

మానవదేహమందలి యవయవములలోఁ గొన్ని తాము చేయు పనిచేతఁ గాక తమకుఁ గలుగు రోగముచేతనే ముందుగా లోకమునకుఁ దెలియవచ్చినవి. నోట లాల నూరించు గ్రంథు లట్టివి. లాలకుఁ దెలుఁగున ఉమ్మి, చొంగ, జొల్లు అను మాటలు గలవు. సందర్భమును బట్టి ఎంగిలియు నగును. కాని దాని నూరించు నవయవమునకు మన జనవ్యవహారమునఁ బేరే లేదు. చెవిక్రింద దవడమూలమున నున్న గ్రంథి పిల్లలకు వాఁచినప్పుడు మాత్రము తల్లులు గవదబిళ్ల లందురు. వాపు తగ్గఁగానే ఆ పేరును తొలఁగును. రోగమునకుఁ బేరుండి యవయవమునకు లేకపోవుట మన భాషకు మాత్రమే కలిగిన కొఱఁత కాదు. ఇతర దేశములయందును ఈ గ్రంథుల స్వరూపము చిరకాలము తెలియకయే యుండెను.

ఈ వ్యాసమున విచారింపఁబూనినవి రెండు. ఒకటి లాలానాళములో రాయి పుట్టుట. రెండవది లాలాగ్రంథియే పుట్టుకతో లేకుండుట. నాలుకక్రిందనుండి కోసి తీసిన రాతిని గూర్చిన లేఖ యొకటి 1672వ సంవత్సరమున లండను రాయల్ సొసైటీ పత్రికలో నచ్చుపడినది. గ్రంథి లేమిని గూర్చిన తొలి శారీరకవృత్తాంతము 1885లోఁ గాని రాలేదు. నడుమ రెండువందల పదుమూఁ డేండ్లు గడచినవి. రెండును నోటిలోని విషయములే. రెండును మనుష్యునకు బాధాకరములే. అట్లుండఁగా నొకటి ముందును రెండవది యింత వెనుకను తెలియుటకుఁ గారణ మేమి? వైద్యుఁడు చెప్పవలసినదానిని వైయాకరణుఁ డేల చెప్పఁబూనెనని చదువరు లడుగవచ్చును. నా విచారణ చికిత్సను గూర్చినది కాదు. తెలివి కలిగిన క్రమమును గూర్చినది. ఆ క్రమమును దెలిసికొనుటకు మన శాస్త్రములయం దొక తాళపుఁజెవి గలదని నా తలంపు.

ముందు శబ్దముల విచారింతము. అమరసింహుఁడు మనుష్యవర్గమున లాలకు లాలా, స్యందినీ, సృణికా యని మూఁడు పర్యాయపదముల నొసఁగెను. వీనిలో స్యందినీశబ్దము ప్రస్రవణార్థకమగు స్యందధాతువునుండి పుట్టినది. సృణిక గత్యర్థకమగు సృధాతువును దలఁపించును. రెంటియందును జాఱుట, పాఱుట యనునదే ప్రధానార్థము. ఎక్కడనుండి పాఱునో ఆ శబ్దములు చెప్పవు. తెలుఁగువాఁడు 'నోరూరినది' యనును. ఊరుట యనఁగా నిసుకలోఁ దీసిన చెలమయందు నీరు చేరినట్లు చేరుట. చెలమకు ఫలానాచోట ద్వార మున్నదని చెప్పలేము. నలువైపులనుండియు నీరు చెమర్చును. మన పూర్వుల దృష్టిలో నోరు చెలమవంటిది. ఇది తప్పనరాదు. పెదవులయందును, బుగ్గలయందును, అంగుటియందును వందలకొలఁది చిన్నగ్రంథులు నిజముగాఁ జెలమయూటలవలెనే పనిచేయుచున్నవి. అయినను దినమునకు సుమారు అర లీటరు మొదలు లీటరున్నర వఱకు నూరు లాలలో నధికభాగము మూఁడు జతల పెద్దగ్రంథులనుండి కాలువలద్వారా వచ్చుచున్నది: చెవిక్రింది కర్ణమూలగ్రంథులు, క్రిందిదవడ లోపలి యధోజంభికగ్రంథులు, నాలుకక్రింది యధోజిహ్వికగ్రంథులు. చెలమ కాదు కాలువ యని తెలియుటయే ఈ చరిత్రమునకు మూలమైన ఘట్టము.

'గ్రంథి' యను మాటను గూర్చియు నొకింత చెప్పవలసియున్నది. నేఁటి పాఠ్యపుస్తకములయందు గ్రంథి యనఁగా స్వస్థదేహమునం దుండు నవయవము. సుశ్రుతసంహితా నిదానస్థానమున గ్రంథి యనఁగా వ్యాధి. అపచి, అర్బుదము, గలగండము అనువానితోఁ గూడ నొకయధ్యాయమునఁ జెప్పఁబడిన ముడివంటి వాపు. గ్రంథమునకును గ్రంథికిని ధాతు వొక్కటియే. కూర్చుట, ముడివేయుట యని యర్థము. ఐరోపీయుల 'గ్లాండు' శబ్దమునకు లాటినుభాషలో సింధూరవృక్షపుఁ జిన్నకాయ యని యర్థ మగుటచే, ఆకారసామ్యమును బట్టి మనవారు గ్రంథిశబ్దమును దానికి సరిపుచ్చిరి. సరిపుచ్చుట తప్పు కాదు. కాని సుశ్రుతమున గ్రంథిశబ్దము కనఁబడఁగానే, ఇదిగో గ్లాండులు మనవా రెఱిఁగిరని చూపుట మాత్రము శబ్దశాస్త్ర మెఱుఁగని పని. పాఠశాలలలో సంస్కృతము చెప్పు మిత్రు లీ విషయమున జాగరూకులు గావలెను.

మఱి మన వైద్యగ్రంథములయందు నిజముగా నున్న దేమి? ఉన్నది కొంచెము కాదు. వాగ్భటుఁడు కఫమున కైదు భేదములు చెప్పి, నాలుకయం దుండి రసమును దెలియఁజేయుదానికి బోధకమని పేరిడెను. తడి లేనిదే రుచి తెలియదనుట నేఁటి శారీరకశాస్త్రమునకును సమ్మతమే. పదార్థము లాలలోఁ గరఁగినఁ గాని జిహ్వాంకురములను జేరదు. చరకుఁడు సూత్రస్థానమున నెనుబది వాతవికారముల నెన్నునప్పుడు ముఖశోషమును, దానిని జేర్చియే యరసజ్ఞతను జెప్పెను. ఈ రెంటి సామీప్యము యాదృచ్ఛికము కాదని తోఁచుచున్నది. నోరెండినవానికి రుచి పోవు నని యాతఁడు చూచియే యుండును.

సుశ్రుతుఁడు ముఖరోగము లఱువదియైదని లెక్కించెను. వానిలో జిహ్వాగతము లైదు. ఆ యైదింటిలో నలాస మనునది నాలుకక్రింది గాఢమైన వాపు. నాలుకను స్తంభింపఁజేసి మూలమునఁ బాకమునొందును. ఉపజిహ్విక యనునది నాలుకకొనవలె నాలుకక్రింద లేచు వాపు. దానియందు లాలాస్రావము, దురద, మంట యుండును. ఇటీవలి వ్యాఖ్యాతలు కొందఱు ఉపజిహ్వికను, ఐరోపీయులు 'రానులా' యనఁగాఁ జిఱుకప్ప యని పిలుచు లాలాకోశముగా గుర్తింతురు. సంభావ్యమే. అలాసమును జూచి యిది నాళములోని రాతివలనఁ బుట్టిన పాక మనుటకుఁ గూడ మనస్సు పోవును. కాని సుశ్రుతుఁడు రాతిమాట యెత్తలేదు. వస్తియందలి రాతిని గూర్చి యొకయధ్యాయము నిదానముగను, ఒకయధ్యాయము చికిత్సగను వ్రాసి, శస్త్రముతోఁ దీయు విధమును జెప్పిన మహనీయుఁడు నాలుకక్రింద రాతిని జూచియుండినచో నుపేక్షించి యుండఁడు. ఆచార్యునకు మన మిచ్చు గౌరవము ఆయన చెప్పినదానిని చెప్పినట్లు గ్రహించుటలోనే యున్నది. చెప్పనిదానిని నోటఁ బెట్టుటలో లేదు.

అయినను ఈ విషయమునకు మిక్కిలి దగ్గఱగా సుశ్రుతునియందే రెండు విశేషములు గలవు. మొదటిది దంతశర్కర. దంతములపై మలము గట్టిపడి యిసుకవలె నగుట యనునది యాతఁ డెన్నిన యెనిమిది దంతరోగములలో నొకటి. ఈ శర్కర యెక్కడనుండి వచ్చెను? లాలలోఁ గరఁగియున్న సున్నపుఁబదార్థమే దంతములపై నంటిన పొరలోఁ జేరి గట్టిపడుచున్నది. క్రిందిపంటివరుసలో ముందుపండ్ల వెనుకభాగమునను, మీఁదివరుసలో దవడపండ్ల బుగ్గవైపునను ఇది దట్టముగాఁ బట్టును. ఆ రెండుచోట్లకే పెద్దగ్రంథుల కాలువలు వచ్చి తెఱచుకొనును. అద్దము దగ్గఱ నోరు తెఱచి యెవ్వరైనను దీనిఁ జూచుకొనవచ్చును. రెండవది యశ్మరికి సుశ్రుతుఁ డిచ్చిన దృష్టాంతము. క్రొత్తకుండలోఁ బోసిన తేటనీరు సయితము కొంతకాలమునకు అడుగున బురద దిగఁబెట్టునట్లే వస్తియం దశ్మరి పుట్టునని యాతఁడు చెప్పెను. తేటగాఁ గనఁబడు ద్రవములోఁ గనఁబడని ఘనపదార్థ మున్నదనుటయే దీని తాత్పర్యము. లాలాశ్మరి పుట్టు విధమును జెప్పుటకు నేఁడును ఇంతకంటె మేలైన దృష్టాంతము దొరకదు. దంతశర్కరయు లాలాశ్మరియు నొకతల్లి బిడ్డలు; ఒకతె వాకిట నుండుటచే మన పూర్వులకుఁ గనఁబడెను, రెండవది లోపలిగదిలో నుండుటచేఁ గనఁబడలేదు.

ఆ లోపలిగది తలుపు తెఱచినవాఁడు థామస్ వార్టను. ఇతఁడు 1614లో ఇంగ్లండున జన్మించి లండనులో వైద్యుఁడై, 1665లో మహామారి ప్రబలినప్పుడు తోడివైద్యులు పలువురు పట్టణము వీడిపోఁగా తాను నిలిచి, 1673లోఁ గాలధర్మము నొందెను. 1656లో నితఁడు 'అడెనోగ్రాఫియా' యను లాటినుగ్రంథమును బ్రకటించెను. దేహమందలి గ్రంథులనన్నిటిని గూర్చి ప్రత్యేకముగా వ్రాయఁబడిన గ్రంథ మదియే మొదటిదని చెప్పుదురు. అంతకుముందు గ్రంథులు దేహములో మిగిలిన తేమను బీల్చు బూరుగుదూదివంటివని యైరోపావైద్యుల యభిప్రాయము. వార్టను అధోజంభికగ్రంథినుండి నాలుకక్రిందికి నొకకాలువ పోవుచున్నదనియు, లాల దానిగుండ వచ్చుననియు నిరూపించెను. బొలోన్యానగరపు టాచార్యుఁడు అకిల్లీని (మరణము 1512) ఈ నాళమును ముందే చూచెనని చరిత్రకారులు కొందఱందురు. చూచినను దాని పని చెప్పి లోకమును ఒప్పించినవాఁడు వార్టనే. కాలువకు నేఁటికిని వార్టనునాళ మనియే పేరు.

రెండవకాలువ కథ మఱింత విచిత్రమైనది. డెన్మార్కుదేశీయుఁడగు నీల్సు స్టెన్‌సన్, లాటినున స్టెనో, 1638లోఁ గోపెన్‌హాగనునఁ బుట్టెను. చదువునకై 1660లో ఆమ్‌స్టర్‌డామునకు వచ్చి, బ్లాసియుసను నాచార్యునియింట బస చేసెను. ఆ యేప్రిలు మాసమున నొకగొఱ్ఱెతలను గొనితెచ్చి, మెదడును జూడవలెనని తనగదిలో నొంటిగాఁ గోయుచుండెను. మెదడును దెఱచుటకు ముందు చెంపలోని నాళములను జూతమని యొకసన్నని శలాకను లోనికిఁ బోనిచ్చెను. శలాక యడ్డు లేక జాఱి, తుదకుఁ బంటిని దాఁకి చప్పుడయ్యెను. చెవిక్రింది గ్రంథినుండి నోటిలోనికిఁ దెఱచుకొను కాలువ యట్లు దొరకెను. ఆచార్యునకుఁ జూపఁగా, అది శలాకతోఁ బొడిచిన రంధ్రమో ప్రకృతివికారమో యని త్రోసివైచెను. కొంతకాలమునకు ఆ యాచార్యుఁడే ఆ నాళమును దానే కనుఁగొంటినని ప్రకటించుకొనెను! శిష్యుఁ డప్పటికి లైడనునగరమున నుండెను. అచ్చటి యాచార్యుఁడు వాన్ హోర్ను దానిని బహిరంగముగాఁ బ్రదర్శించి స్టెనో పేరనే వ్యవహరించెను. వివాద మిరువైపుల లేఖలతోడను బుస్తకములతోడను గొంతకాలము నడచినది. స్టెనో తన వాదమునకు బలముగాఁ జేసిన పని తిట్టుట కాదు; మఱిన్ని గ్రంథులను వెదకుట. 1662లో నతఁడు ప్రకటించిన పుస్తకమునందు నోటిగ్రంథులేగాక కంటిగ్రంథులును, ముక్కుగ్రంథులును, కన్నీరు వచ్చు మార్గములును వర్ణింపఁబడినవి. ఆ పుస్తకపు బేరిలోనే లాలకును గన్నీటికిని శ్లేష్మమునకును గ్రొత్త 'ఊటల' నెఱిఁగించుచున్నట్లు చెప్పుకొనెను. మన తెలుఁగు 'ఊరుట' యక్కడఁ గూడఁ గానవచ్చుట నాకు ముచ్చట గొలిపినది.

ఇప్పుడు రాతికి వత్తము. 1672లో యార్కునగరమున వైద్యముచేయుచుండిన మార్టిన్ లిస్టరు, ఒకమనుష్యుని నాలుకక్రిందనుండి కోసి తీసిన రాతిని గూర్చి లండనునకు లేఖ వ్రాసెను. లేఖయొక్క శాస్త్రీయప్రాధాన్యము కంటెఁ గాల మెక్కువ గమనింపఁదగినది. వార్టను గ్రంథము వెలువడి పదునాఱేండ్లు, స్టెనో గ్రంథము వెలువడి పదియేండ్లు నైనది. మఱొకవిశేషము. స్టెనో శారీరకమును విడిచి భూగర్భమువైపు మరలి, 1669లోఁ బ్రకటించిన గ్రంథమునందు ఘనపదార్థములో నింకొక ఘనపదార్థ మెట్లు చేరు నను ప్రశ్నను విచారించి, కొండలలో దొరకు గుల్లలు పూర్వము బ్రదికిన జంతువులవే యని స్థాపించెను. ఈ లిస్టరే 1671లో దానిని గాదని, అవి రాతిలోనే పుట్టిన రాలని వాదించెను. రాయి యెట్లు పుట్టు నను విషయమున నిరువురును జెఱియొకపక్షము. లాలానాళమును గనుఁగొన్నవాఁడు కొండరాలను జూడఁబోయెను. కొండరాలను గూర్చి వాదించినవాఁడు నాలుకక్రింది రాతిని జూచెను. కొండరాలవిషయమున లిస్టరు వాదము నిలువలేదు.

రాయి నాళములో నేల పుట్టును? లాలలో సున్నమును భాస్వరామ్లమును బొంగుటకు సిద్ధముగా నున్నట్లు నిండియుండును. ఇది దోషము కాదు, గుణము. ఈ నిండుదనముచేతనే పుల్లనిపదార్థములు తిన్నప్పుడు పంటిపైఁ గరఁగిన భాగము మరల నిండుచున్నది. అవి నడుమనే గట్టిపడిపోకుండ స్టాథెరిన్ మొదలగు ప్రోటీను లడ్డుకొనుచుండును. లాల పాఱుచున్నంతకాలము చిక్కు లేదు. నిలిచినప్పుడు కుండయడుగు బురదవలె దిగును. చిన్న కణమునో మురికినో చుట్టుకొని, ఉల్లిపొరలవలె పొరమీఁదఁ బొర పేరును. ప్రతి యైదు లాలాశ్మరులలో నాలుగును అంతకు మించియు నధోజంభికమునకుఁ జెందినవే. దానికిఁ గారణములు స్పష్టముగా నున్నవి. ఆ కాలువ సుమారైదు సెంటీమీటర్ల పొడవు గలది, క్రిందినుండి మీఁదికి లాల నెక్కింపవలెను, అందలి లాల చిక్కనిది, సున్న మెక్కువ గలది, ద్వారము సన్ననిది. ఏతముతో మిట్టకు నీ రెక్కించు కాలువలో మన్ను మేటవేయుట రైతు లెఱుఁగుదురు.

లక్షణము మిక్కిలి విచిత్రము. రాయి యుండుటచే నెల్లవేళల నొప్పి యుండదు. అన్నమునకుఁ గూర్చుండినప్పుడే దవడక్రింద వాఁచి, గంటరెండు గంటలలోఁ దగ్గును. చింతకాయ పేరు విన్న నోరూరును. అట్టివానికి ఊరుటయే నొప్పి. నోరూరినను లాల బయటికి రాక గ్రంథిలో బిగియును. పూర్వము నోటినేలను గోసి రాతిని దీసెడివారు. లోపలి రాళ్లకు గ్రంథినే కోసివేసెడివారు. 1895లో రంట్‌గెను కనుఁగొన్న కిరణములవలన రాతిని గోయకముందే చూచుట సాధ్యమైనది. 1989లో జర్మనీదేశపు టెర్లాంగెనున శబ్దతరంగములతో వెలుపలినుండి రాతిని బగులఁగొట్టు పద్ధతిని బ్రకటించిరి. 1990 మొదలుగా వెండ్రుకవలె సన్నని దర్శనినళికలను నాళములోనికిఁ బంపి రాతిని బట్టి లాగు పద్ధతి వృద్ధిపొందినది. స్టెనో శలాక వెళ్లిన మార్గముననే కన్నుగల శలాక వెళ్లుచున్నది. రాయి తీసినపిమ్మటఁ బెక్కుగ్రంథులు మరలఁ బనిచేయుచున్నవి గనుక గ్రంథిని గోసివేయుట తగ్గినది.

'లాలాశ్మరి' యను సమాసమును గూర్చి యొకమాట. లాలయొక్క యశ్మరి యని షష్ఠీతత్పురుషముగాఁ జెప్పుట కంటె, లాలానాళమందలి యశ్మరి యని మధ్యమపదలోపముగాఁ జెప్పుటయే మేలని నా మతము. రాయి లాలవలనఁ బుట్టునది యైనను, చోటుచేతనే బాధకమగుచున్నది. పంటిపై నున్నచో దానిని శర్కర యని గీచివైతుము.

ఇఁక రెండవ విషయము. అన్నంభట్టు తర్కసంగ్రహమున నభావము నాలుగువిధములని చెప్పెను: ప్రాగభావము, ప్రధ్వంసాభావము, అత్యంతాభావము, అన్యోన్యాభావము. అన్నంభట్టు మన యాంధ్రుఁడే యని ప్రసిద్ధి. ఈ శాస్త్రమున నింకొకనియమము గలదు: అభావమును దెలియుటకుఁ బ్రతియోగిజ్ఞానము, అనఁగా దేని యభావమో దాని జ్ఞానము, కారణము. ఘటము నెఱుఁగనివాఁడు భూతలమున ఘటము లేదని యెఱుఁగఁజాలఁడు. వాఁడు నేలను జూచును, అంతే. నే నడిగిన ప్రశ్నకు నుత్తర మిదియే. రాయి భావపదార్థము గనుక నాళమును గ్రంథినిఁ జక్కఁగా నెఱుఁగనివానిచేతను బడును. గ్రంథి లేకుండుట మాత్రము, ఆ గ్రంథి యెల్లరియందును దప్పక యుండు నని దృఢముగాఁ దెలిసినపిమ్మటఁ గాని తెలియదు. వార్టనుకు ముందు గ్రంథి లేని మనుష్యులు పుట్టియుండలేదని కాదు. లేమిని జూచుటకుఁ గన్ను లేదు.

ఆ కన్ను గలవాఁడు వెన్‌జెల్ గ్రూబరు (1814–1890). బొహీమియాలోఁ బుట్టి, రష్యాలోని సెయింట్ పీటర్సుబర్గున వైద్యవిద్యార్థులకు శారీరకము బోధించెను. సాధారణరూపమునకుఁ గొంచెము భిన్నముగాఁ గనఁబడిన కండరమును, నరమును, ఎముకను వదలక వ్రాయుట యితని వ్రతము. 1885లో వీర్కోవు పత్రికయం దితఁడు, ఇతరావయవము లన్నియుఁ జక్కఁగా నున్న యొకదేహమున అధోజంభికగ్రంథులు రెండును బుట్టుకతో లేకుండుటను బ్రకటించెను. దేహము చక్కనిదని శీర్షికలోనే చెప్పుటలో యుక్తి గలదు. వికృతదేహమునఁ గొఱఁత యుండుట వింత కాదు. అంతయు నుండి యిది మాత్రము లేకపోవుటయే వింత. ఎవ్వఁడో యొక మొండివాఁడు వేలకొలఁది దేహములలో నున్నదానిని జూచి చూచి, ఒకటియందు లేనిదానిని జూచెను. తర్కము చెప్పిన మాట యిక్కడఁ బ్రత్యక్షముగాఁ గానవచ్చుచున్నది.

శవమునందుఁ జూచుట యొకయెత్తు, బ్రదికియున్నవానియందుఁ దెలియుట యొకయెత్తు. వ్రేలితోఁ దడవినను గ్రంథి చేతికందలేదని లేదనరాదు. మఱుఁగున నున్నది గావచ్చును. ఉండినచోఁ దప్పక కనఁబడు నన్న స్థితిలోఁ గనఁబడకపోవుటయే యభావమునకుఁ బ్రమాణము. దానినే యోగ్యానుపలబ్ధి యందురు. అనుపలబ్ధి వేఱు ప్రమాణమా కాదా యని నైయాయికులకును భాట్టులకును గల వివాద మిక్కడ నెత్తుకొనను. కిరణచిత్రములు, శబ్దతరంగచిత్రములు, గ్రంథులు పీల్చుకొను టెక్నీషియమను ధాతువుతో దీయు చిత్రములు వచ్చినతరువాతఁ గాని యీ యోగ్యత బ్రదికినవారియందు లభింపలేదు. ఒకప్రక్క గ్రంథి లేనప్పుడు రెండవప్రక్కది పెరిగి, దానినే కంతి యని భ్రమించిన వైద్యులును గలరు. ఉన్నదే రోగముగాఁ దోఁచి, లేనిది దృష్టికి రాకపోవుట!

నోరెండుట యన్నింటను నొకటియే యైనను, అభావభేదమును బట్టి మూలము వేఱగును. రాయి యడ్డమైనప్పుడు గ్రంథియుఁ గలదు, లాలయుఁ గలదు, మార్గమే లేదు. ఇది గ్రంథ్యభావమే కాదు. ముసలితనమునఁ గాని, పుట్టుకురుపులకుఁ జేయు కిరణచికిత్సవలనఁ గాని, 1933లో స్వీడనుదేశీయుఁడు హెన్రిక్ షోగ్రెను తన సిద్ధాంతవ్యాసమున వర్ణించిన రోగమునఁ గాని లాల తగ్గుట ధ్వంసాభావము, ఉండి పోయినది. పుట్టుకతో లేకపోవుట యత్యంతాభావము. కాని శిశువునందు నది ప్రాగభావమువలె భ్రమింపఁజేయును. పసిబిడ్డకు మొదటి రెండుమూఁడు నెలలు చొంగ యెటులను గాఱదు. ఇంకను గాఱలేదు, ఇఁకమీఁదఁ గాఱును అని తల్లి యనుకొనును. పండ్లు వచ్చినతరువాత నవి వచ్చినట్లే పుచ్చుటచేత నిజము బయటఁబడును. ముఖ్యముగాఁ గ్రిందివరుస ముందుపండ్లు. ఇవి సామాన్యముగా లాలలో మునిఁగియుండుటచేఁ బుచ్చుట యరుదు. అవియే పుచ్చినచో లాలను గూర్చి విచారింపవలెను. ఇది తెలియనిచోట, పిల్లవాఁడు పండ్లు తోముకొనలేదనియు, చక్కెర మెక్కెననియు నిందపడును. పొడియన్నము మ్రింగలేక ముద్దముద్దకు నీరు త్రాగు పిల్లవానిని జూచి, తిండి కల్లరియని దండించు ఇల్లును గలదు. లేనిదానిని గుర్తింపనిచోట నేరము బిడ్డపైఁ బడును. సున్నము నిండిన లాల నాళమున నిలిచినచో రాయి యగును; అదే లాల లేనిచోఁ బండ్లు కరఁగిపోవును. మొదటి యపకారమును గనఁబడినది కావున లోకము ముందే గుర్తించినది. రెండవదానికి రెండుశతాబ్దములకు మించి గడవవలసి వచ్చెను.

అత్యంతాభావమునకుఁ గారణము చెప్పుట తర్కమున నవసరము లేదు, అది యనాది. ప్రకృతిశాస్త్రమున మాత్రము చెప్పవలెను. గర్భమందు నోటిచర్మము లోనికిఁ జొచ్చి, కొమ్మలు కొమ్మలుగాఁ జీలి గ్రంథి యగుచున్నది. చీలుమని చెప్పు సంకేతములలో నొకదానికి ఎఫ్.జి.ఎఫ్. 10 అని పేరు. కుటుంబములలో వంశక్రమమున లాలాగ్రంథులును గన్నీటిగ్రంథులును గూడ లేకుండుట గలదు. 2005లో స్వీడనుకుటుంబములను బరిశీలించిన పండితులు, ఆ సంకేతమును వ్రాయు జన్యువునం దొకప్రతిలోఁ గల లోపమే దీనికిఁ గారణమని ప్రకటించిరి. దానికి ముందే 1967లో లెవీయు, 1973లో హాలిస్టరును, ఇట్టి లోపముతో చెవుల యాకారమునను, వ్రేళ్లయందును, పండ్లయందును వికారములు గూడియుండు వేఱొకలక్షణసముదాయమును వర్ణించియుండిరి.

లాలకును గన్నీటికిని సంబంధ మేమని యెవ్వరైన నడిగినచో, స్టెనో 1662లోనే రెంటి యూటలను నొకపుస్తకమునఁ జేర్చి వర్ణించినాఁడని చెప్పవచ్చును. అతఁడు కాలువలను జూచి చేర్చెను. ఇప్పటివారు గర్భమందలి సంకేతమును జూచి చేర్చిరి. ఈ లోపము గల పిల్లలకు నోరెండుటతోఁ బాటు కన్నులు పొడియై మండుచుండుటయుఁ గలదు. కొందఱికిఁ గన్నీరు పోవు రంధ్రములే మూసికొని, ఉన్న కొంచెము తడి చెంపలపైఁ గాఱుచుండును. కావున వేళ గాని వేళ పండ్లు పుచ్చిన పిల్లవానిని జూచినప్పుడు వైద్యుఁడు నోటిని మాత్రమే చూచి యూరకుండక, కనుకొలకులను గూడఁ బరీక్షించి, తల్లిదండ్రుల పండ్లను గూర్చియు నడుగును. గ్రంథిని బుట్టించు నుపాయము నేఁటివఱకును లేదు. తఱచు నీరు, పండ్లపైఁ బూయు ఫ్లోరైడు పూఁత, కృత్రిమలాల, తీపి తగ్గించుట యనునవి చికిత్సగా నడచుచున్నవి.